బంజరు రంగు పడిన కొండలు: ఒక సహజ వనరుల మ్యాపింగ్ కేస్ స్టడీ

ఒక నదీ పరీవాహక ప్రాంతంలోని అడవి, నేల, నీరు మొత్తాన్ని కంప్యూటర్‌లో ఒకేచోట మ్యాపు చేయాలన్న ప్రాజెక్టులో నేను చేసిన పని గురించి ఇది. శాటిలైట్ చిత్రాల నుంచి తయారైన మ్యాపుని నేలమీద సరిచూడటం, ఊళ్లవాళ్లతో కూర్చుని వాళ్ల వాడకాన్ని అందులోకి ఎక్కించడం నా బాధ్యత. ప్రాంతం పేరు, ఊళ్ల పేర్లు, పని అప్పగించిన విభాగం పేరు ఇందులో ఉండవు. ఊళ్లతో చేసుకున్న ఒప్పందంలో అదొక షరతు. వాలుమీద పోడు సేద్యం, పైన గడ్డి మైదానాలు, కింద వాగులు, ఏటా కొన్ని నెలలు మందలతో వచ్చి వెళ్లే పశుపోషకులు ఉన్న కొండ ప్రాంతం అని తెలిస్తే చాలు. ఇలాంటి చోట్లు చాలా దేశాల్లో ఉన్నాయి, సమస్యలూ దాదాపు ఇవే.

ప్రాజెక్టు ఉద్దేశం మంచిదే. అప్పటిదాకా అటవీ విభాగం దగ్గర ఒక మ్యాపు, భూముల విభాగం దగ్గర ఒకటి, నీటి విభాగం దగ్గర ఇంకొకటి ఉండేవి. ఒకదాని హద్దు ఇంకోదానితో కలిసేది కాదు. అన్నిటినీ ఒకే ప్రొజెక్షన్‌లోకి (గుండ్రటి భూమిని చదును మ్యాపుగా పరిచే లెక్కలోకి) తెచ్చి, తాజా చిత్రాలతో సరిచేసి, ఒకే సర్వర్‌లో పెడితే ఎక్కడ మొక్కలు నాటాలి, ఎక్కడ చెక్‌డ్యాములు కట్టాలి, ఎక్కడ ఖనిజాల అన్వేషణకి అనుమతి ఇవ్వొచ్చు అన్నవి ఆఫీసులో కూర్చునే తేల్చుకోవచ్చని ప్రతిపాదనలో రాశారు. ఆ చివరి మాటే నన్ను మొదట్నుంచీ ఆలోచనలో పెట్టింది.

ఈ కేసు నుంచి నేను చెప్పదలచుకున్నది ఒకటుంది. ఇలాంటి పనుల్లో మనుషులకీ అడవికీ జరిగే నష్టం చాలావరకు రెండు చోట్ల ఖాయమైపోతుంది: మ్యాపులో ఏయే రకాల నేల ఉండాలో రాసేటప్పుడు, తయారైన ఫైలు ఎవరి చేతికి వెళ్తుందో తేల్చేటప్పుడు. మధ్యలో మనం ఎంత కష్టపడి కచ్చితత్వం పెంచినా ఈ రెండూ సరికావు. వాటిని విడిగా పట్టించుకోవాల్సిందే.

లెజెండ్ దగ్గర మొదలు

నేను చేరేనాటికి లెజెండ్, అంటే ఏ రంగు ఏ రకం నేలకో చెప్పే జాబితా, ఖరారైపోయింది. దట్టమైన అడవి, పల్చని అడవి, సాగుభూమి, నీరు, ఊళ్లు, రాతినేల, ఇవేవీ కాకపోతే ‘క్షీణించిన భూమి’. ఆ చివరి రకానికి లేత నారింజ రంగు ఇచ్చారు. స్క్రీన్ మీద మ్యాపు తెరవగానే కొండవాలు సగానికి సగం నారింజే. చూసినవాళ్లెవరికైనా ఈ కొండలు పాడైపోయాయి, వెంటనే ఏదో ఒకటి చేయాలి అనిపిస్తుంది.

ఆ రంగు కింద ఏముందో చూడటానికి వాలు ఎక్కాం. ఆ నేలని కొన్నేళ్ల కిందట సాగుచేసిన ఒక పెద్దావిడ మాతో వచ్చారు. ట్యాబ్‌లో జీపీఎస్ చుక్క నారింజ రంగు నడిమధ్యన నిలబడింది. ఆవిడ ముందుగా చూపించింది నడుమెత్తున నరికి వదిలిన మొద్దుల్ని. వేరు చావకూడదని అంత ఎత్తున నరుకుతారట. ఒక్కో మొద్దు నుంచి నాలుగైదు చిగుళ్లు లేచి మనిషెత్తు దాటాయి. వాటిలో ఉంచాల్సినవేవో, తీసేయాల్సినవేవో ఆవిడకి తెలుసు, కొన్నిటికి చిన్న గాటు పెట్టి ఉంది. మొద్దుల మధ్య వాలుకి అడ్డంగా పేర్చిన కాలీకాలని దుంగలు, వాటి వెనక ఆగిన మెత్తని మట్టి, ఆ మట్టిలోకి దిగిన దుంపతీగలు. ఒక పక్క కప్పుకి వాడే గడ్డి, ఇంకో పక్క తేనెటీగలు వాలే పొదలు. మరో నాలుగైదేళ్లకి ఇక్కడ మళ్లీ విత్తుతామని, అప్పటిదాకా నేల కోలుకోవాలని చెప్పారు. ‘ఇక్కడ ఏమీ లేదని ఎవరన్నారు బాబూ?’ అని అడిగారు.

అన్నది ఎన్‌డీవీఐ అనే ఒక లెక్క. పచ్చని ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని వెనక్కి పంపుతుంది. ఈ రెండింటి తేడాని రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. ఎంత ఎక్కువైతే అంత పచ్చదనం. మంచి సూచికే, నేనూ రోజూ వాడతాను. కానీ మబ్బులు లేని చిత్రం కావాలంటే ఆ ప్రాంతంలో ఎండాకాలపుదే దొరుకుతుంది. అప్పటికి ఆకురాల్చే చెట్లన్నీ మోడులై ఉంటాయి. నిక్షేపంగా ఉన్న అడవి కూడా ఆ నెలలో సగం ఎండినట్టు లెక్కకొస్తుంది. పైగా వాడిన చిత్రంలో ఒక్కో పిక్సెల్ 30 మీటర్లు, అంటే 900 చదరపు మీటర్ల నేలకి ఒకే సంఖ్య. చిగుళ్లు, తీగలు, గడ్డి, మధ్యలో కనిపించే మట్టి అన్నీ కలిసి ఒక సగటు అవుతాయి. ఆ సగటు అడవికి చాలదు, సాగుకి సరిపోదు. అందుకే అది చివరి గడిలో పడిపోయింది.

ఏది అడవి అన్నదానికే కొలతలు రకరకాలు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) లెక్కలో కనీసం అర హెక్టారు విస్తీర్ణం, 5 మీటర్లకి పైగా ఎదిగే చెట్లు, 10 శాతానికి మించిన కొమ్మల నీడ ఉండాలి. రబ్బరు తోట ఆ లెక్కలో అడవే. ఆయిల్ పామ్ తోట కాదు. భారత అటవీ సర్వే ఒక హెక్టారు, 10 శాతం నీడ ఉంటే అడవి కింద లెక్కేస్తుంది, అది ఎవరి భూమి, ఏ జాతి చెట్టు అన్నది చూడదు, కాబట్టి తోటలు కూడా ఆ గణాంకంలో కలుస్తాయి. ఏ కొలత దేనికోసం పెట్టారో దానికి అది పనికొస్తుందనే అనుకుందాం. ఒక పనికి పెట్టిన కొలతని ఇంకో పనికి వాడినప్పుడే మనుషులు నేల పోగొట్టుకుంటారు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. కంప్యూటర్‌లో మ్యాపులు దాచి, కలిపి చూసే జీఐఎస్ పుట్టిందే వనరుల లెక్క కోసం. 1960ల్లో కెనడాలో రోజర్ టామ్లిన్‌సన్ బృందం కట్టిన తొలి వ్యవస్థ ఆ దేశపు భూముల జాబితాకి ఉద్దేశించింది. ఏ నేల సేద్యానికి పనికొస్తుంది, ఏది కలపకి, ఏది వన్యప్రాణులకి, ఏది విహారానికి అని తరగతులు వేశారు. ఆ నేలని తరతరాలుగా ఎవరు ఎలా వాడుకుంటున్నారన్నది ఆ తరగతుల్లో లేదు. అదే దేశంలో ఉత్తరాదిన ఇన్యూట్ ఆదివాసీ వేటగాళ్లు 1970ల్లో ఆ పని వేరేగా చేశారు. ఒక్కొక్కరూ తమ జీవితకాలంలో ఎక్కడ వేటాడారో, ఎక్కడ చేపలు పట్టారో, ఎక్కడ మకాం వేశారో మ్యాపుల మీద గీశారు. 1976లో అది మూడు సంపుటాల నివేదికగా వచ్చింది. తర్వాత జరిగిన భూహక్కుల చర్చలకి ఆధారమైంది. ఆ చర్చల ఫలితంగానే 1999లో నునావుట్ అనే కొత్త భూభాగం ఏర్పడింది. ఆ పని పెన్సిల్, కాగితాలతోనే జరిగింది. పనిముట్టు పాతదైనా గీసినవాళ్లు ఆ నేలమీద బతికినవాళ్లు కావడం తేడా తెచ్చింది.

సగటు చెప్పని సంగతి

ప్రాజెక్టు నివేదికలో మ్యాపు కచ్చితత్వం 85 శాతం దాటిందని రాశారు. ఆ 85 ఊరికే పెట్టుకున్న అంకె కాదు. 1976లో అమెరికా జియలాజికల్ సర్వే ప్రచురించిన భూవినియోగ వర్గీకరణలో జేమ్స్ ఆండర్సన్ బృందం కనీస ప్రమాణంగా చెప్పింది, అప్పట్నుంచీ మా రంగంలో అందరూ దాన్నే పట్టుకున్నారు. అయితే అది మొత్తానికి సగటు. ఒక రకం నేల విస్తీర్ణంలో 5 శాతమే ఉందనుకోండి. అది మొత్తంగా తప్పు పడినా, మిగతావన్నీ సరిగ్గా ఉంటే మ్యాపు 95 శాతం సరైనదని రాసుకోవచ్చు.

అందుకే ఎర్రర్ మ్యాట్రిక్స్‌ని (మ్యాపు చెప్పిందీ నేలమీద ఉన్నదీ పోల్చే పట్టికని) ఒక్కో రకానికి విడదీసి చూపించాను. దట్టమైన అడవి, నీరు, ఊళ్లు దాదాపు తప్పుల్లేకుండా వచ్చాయి. తప్పులన్నీ పోడు విరామ భూముల్లో (మళ్లీ విత్తేదాకా కోలుకోవడానికి వదిలిన నేలల్లో), పైనున్న గడ్డిలో పోగుపడ్డాయి. కాగితం మీద యజమాని లేని నేల ఎక్కడుందో తప్పు కూడా అక్కడే ఉంది. అక్కడి మనుషులకి ఫిర్యాదు చేయడానికి చేతిలో పట్టా ఉండదు, మ్యాపు ఎక్కడ చూడాలో కూడా తెలియదు.

దీనికి సాంకేతికంగా దారి ఉంది. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాల పాత నిల్వంతా 2008 నుంచి ఉచితం. 30 మీటర్ల చిత్రాలు 1982 నుంచి ఉన్నాయి. ఒకే నేలని ఏళ్లతరబడి వరసగా చూస్తే నరికిన ఏడాది పచ్చదనం ఒక్కసారిగా పడిపోయి, తర్వాత ఏటా కొంచెం కొంచెం లేచి, మళ్లీ పడే గీత వస్తుంది. నిజంగా పాడైన నేల గీత అలా ఉండదు. పడి అక్కడే ఉంటుంది, లేదా ఇంకా దిగుతుంది. ఈ గీతలు చూపించాకే ‘పోడు విరామ భూమి, వాడకంలో ఉంది’ అనే కొత్త రకాన్ని లెజెండ్‌లో చేర్చడానికి ఒప్పుకున్నారు. పెద్దావిడ చెప్పిన మాటే అది. ఆవిడ నోట వచ్చినప్పుడు చెల్లలేదు, గ్రాఫ్‌గా గీస్తే చెల్లింది. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

పైనున్న గడ్డి

గడ్డి మైదానాల సంగతి ఇంకా కష్టమైంది, ఎందుకంటే ఇక్కడ వాదన పర్యావరణం పేరుతోనే జరిగింది. నారింజ రంగు పడిన చోటల్లా మొక్కలు నాటితే కార్బన్ లెక్కకి మంచిదని ప్రణాళిక.

ప్రపంచ స్థాయిలో కూడా ఇదే జరిగింది. అటవీ పునరుద్ధరణకి దేశాలు మాటిచ్చిన బాన్ చాలెంజ్ 2011లో మొదలైంది. దానికి ఊతంగా వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) తదితర సంస్థలు కలిసి వేసిన పటం 200 కోట్ల హెక్టార్లలో పునరుద్ధరణకి అవకాశం ఉందని చూపింది. జోసెఫ్ వెల్డ్‌మన్, మరికొందరు శాస్త్రవేత్తలు 2015లో ఆ పటాన్ని తప్పుబట్టారు. వాన, వేడి చూసి అడవి పెరగగల చోటల్లా అడవి ఉండి తీరాలని లెక్క వేయడం వల్ల వేల ఏళ్లుగా గడ్డిగానే ఉన్న నేలలు, చెట్లు పల్చగా ఉండే సవన్నాలు కూడా అడవి పోయిన నేలలుగా అందులో పడ్డాయన్నది వాళ్ల అభ్యంతరం. అలాంటి గడ్డికి నేలపైన కనిపించేది కొంతే. వేళ్లు, దుంపలు, నిల్వ ఉంచుకున్న శక్తి అంతా కిందే ఉంటుంది. ఒకసారి గుంటలు తవ్వి చెట్ల నీడ కప్పేస్తే అది తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది.

నీటి సంగతి కూడా ఉంది. దక్షిణాఫ్రికాలో నీటి వనరుల చుట్టూ పాకిన వాటిల్, పైన్, యూకలిప్టస్ లాంటి పరాయి చెట్లు వాగుల నీటిని తాగేస్తున్నాయని 1995లో ప్రభుత్వమే ‘వర్కింగ్ ఫర్ వాటర్’ పథకం పెట్టి వాటిని తీయించడం మొదలుపెట్టింది. మా ప్రాంతంలో కింది ఊళ్లకి వేసవిలో అందే ఊటలన్నీ పై గడ్డిలో పుట్టినవే. మొక్కల లేయర్ (మ్యాపులో ఒక్కో విషయానికి వేసే పొర) మీద ఊటల లేయర్ పెట్టి చూపించేదాకా ఈ రెండింటికీ సంబంధం ఉందని ప్రణాళిక బృందంలో ఎవరూ అనలేదు, ఎందుకంటే ఒకటి ఒక విభాగానిది, రెండోది ఇంకో విభాగానిది.

ఇక పశుపోషకులు. వాళ్లు పైకి వచ్చేది ఏడాదిలో కొన్ని నెలలే. ఫీల్డ్ చెకింగ్ జరిగిన కాలంలో ఎక్కడో కింద ఉన్నారు. సర్వే ఫారంలో ‘వాడుతున్నవారు’ అన్న గడికి ఎదురుగా ‘లేరు’ అని నింపి ఉంది. ఫారం నింపినవాళ్లు అబద్ధం రాయలేదు, ఆ రోజు అక్కడ ఎవరూ లేరు. మందలు పైకి వచ్చే కాలానికి మళ్లీ వెళ్లి, వాళ్లతో నడుస్తూ దారులు, మకాములు, నీళ్ల రేవులు రికార్డు చేశాం. ప్రతి దారికీ ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్న కాలమ్ పెట్టాం. నేల హద్దుతోపాటు కాలం హద్దు కూడా మ్యాపులో ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. సాఫ్ట్‌వేర్‌కి ఇది పెద్ద పని కాదు, అడిగేవాళ్లు కావాలి అంతే.

హద్దు గీయడం

రెండు ఊళ్ల మధ్య ఒక ఊట ఉంది. రెండూ వాడుకుంటాయి. ఎవరి వంతు ఎప్పుడన్నది వానల్ని బట్టి పెద్దలు ఏటా మాట్లాడుకుంటారు. మేం జీపీఎస్‌తో పొలిమేర నడవడం మొదలుపెట్టగానే ఊట ఎవరి వైపు పడుతుందన్న ప్రశ్న పుట్టింది. అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరికీ అవసరం కాలేదు. చెట్ల కింద, లోయల్లో చేతి జీపీఎస్‌కి అయిదు పది మీటర్ల తేడా మామూలే. ఊట చుట్టూ ఉన్న చదును అంతకన్నా పెద్దది కాదు. అంటే పరికరం తప్పుతోనే ఊట ఈ ఊరిది కావచ్చు, ఆ ఊరిది కావచ్చు. గొంతులు లేచాయి. నడక ఆపేశాం.

ఆ తర్వాత పెద్దలు మాట్లాడుకుని తేల్చింది ఏమిటంటే, అక్కడ గీత వద్దు, ఒక పట్టీ గీయండి, అది రెండు ఊళ్లదీ అని రాయండి. అలాగే చేశాం. మ్యాపులో అది అడ్డగీతల పట్టీగా ఉంది. చిక్కు తర్వాత వచ్చింది. భూముల విభాగం డేటాబేస్‌లో ఒక నేలముక్కకి ఒకే యజమాని గడి ఉంటుంది. రెండు పేర్లు రాస్తే ఎంట్రీ తిరస్కరిస్తుంది. ఉమ్మడి వాడకానికి వేరే టేబుల్ పెట్టించడానికి మ్యాపు వేయడానికి పట్టినంత కాలం పట్టింది.

హద్దులు గీయడం వద్దని నేను అనను. గీత లేకపోతే బలవంతుడిదే గీత. మలేషియాలోని సరవాక్‌లో రుమా నోర్ అనే ఇబాన్ ఆదివాసీ ఊరివాళ్లు ఒక పేపర్ మిల్లు తోటల కంపెనీ మీద వేసిన కేసులో ఊళ్లవాళ్ల మ్యాపుని 2001లో హైకోర్టు సాక్ష్యంగా తీసుకుని వాళ్ల వైపు తీర్పిచ్చింది. అదే ఏడాది అక్కడ వచ్చిన సర్వేయర్ల చట్టం లైసెన్సు లేనివాళ్లు ఇలాంటి మ్యాపులు వేయకుండా కట్టడి చేసింది. 2005లో అప్పీలు కోర్టు సంప్రదాయ హక్కు సూత్రాన్ని ఒప్పుకుంటూనే ఆ నేలకి సాక్ష్యం చాలదంది. నికరాగువాలో ఆవాస్ తింగ్ని ఆదివాసీ ప్రజలకి 2001లో అంతర్ అమెరికా మానవ హక్కుల కోర్టులో గెలుపు వచ్చింది, పట్టా చేతికందింది మాత్రం 2008లో. ఆలస్యానికి ఒక కారణం పొరుగు ఊళ్లతో హద్దుల పేచీ. ఇండోనేషియాలో మంత్రిత్వ శాఖల మ్యాపులు ఒకదానితో ఒకటి కలవక ‘ఒకే మ్యాపు’ విధానం పెట్టారు, 2016లో అధ్యక్ష ఉత్తర్వుతో దానికి ఊపు వచ్చింది. అయినా ఆదివాసీ సముదాయాలు తమంతట తాము వేసుకున్న నేలల మ్యాపుల్ని అందులో చేర్పించడానికి ఏళ్లతరబడి పోరాడాల్సి వచ్చింది. ఒకే మ్యాపు ఉన్నప్పుడు అందులోకి ఎక్కకపోతే వేరే చోట చూపించుకునే దారి కూడా మూసుకుపోతుంది. మా ప్రాజెక్టుకి కూడా ఆ ప్రమాదం అచ్చంగా ఉంది.

చెప్పకూడని చోట్లు

ఊళ్లలో ఆడవాళ్లతో విడిగా కూర్చున్నప్పుడు మగవాళ్లు గీసిన మ్యాపులో లేని చోట్లు చాలా వచ్చాయి: వంటచెరకు దారులు, ఎండల్లో కూడా ఆరని చెలమలు, మందు మొక్కలు ఉండే నీడ వాలులు. విడిగా కూర్చోకపోతే ఇవి వచ్చేవి కావు.

అయితే మందు మొక్కల చోట్లు చెప్పాక వాళ్లే అడిగారు, ఇది ఎవరెవరు చూస్తారని. అందులో ఒక దుంపకి బయట మంచి ధర ఉంది. ప్రాజెక్టు నిబంధన ప్రకారం ప్రతి చుక్కకీ అక్షాంశ రేఖాంశాలు అయిదు దశాంశాల దాకా ఇవ్వాలి. అయిదో దశాంశం అంటే సుమారు ఒక మీటరు. ఫోన్ ఉన్న ఎవరైనా నేరుగా మొక్క దగ్గరికి నడిచి వెళ్లగలరు.

ఇది ఊహించుకున్న భయం కాదు. దక్షిణ చైనాలో గోనియూరోసారస్ లూయీ అనే గుహబల్లిని 1999లో శాస్త్రవేత్తలు తొలిసారి వర్ణించారు. పెంపుడు జంతువుల వ్యాపారులు ఎగబడి, మొదట దొరికిన చోట దాన్ని కొద్దికాలంలోనే తుడిచిపెట్టేశారు. 2017లో డేవిడ్ లిండెన్‌మేయర్, బెన్ షీల్ సైన్స్ పత్రికలో అరుదైన జాతుల చోట్లు ప్రచురించొద్దని గట్టిగా వాదించారు. తాము చూసిన జీవుల్ని జనమే నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో ముప్పులో ఉన్న జాతి నమోదైతే దాని చోటుని 0.2 డిగ్రీల పలకలో ఎక్కడో ఒకచోట పడేలా చెదరగొట్టి చూపిస్తారు. భూమధ్యరేఖ దగ్గర ఆ పలక సుమారు 22 కిలోమీటర్లు.

పూర్తిగా దాచేస్తే ఇంకో నష్టం ఉంది. ఖనిజాల అన్వేషణ చూసే విభాగం తమ లేయర్‌ని మా మ్యాపు మీద పెట్టి చూస్తుంది. అక్కడ ఏమీ కనిపించకపోతే అభ్యంతరం ఏమీ లేదని రాసుకుంటుంది. దాచింది దోపిడీదారుల నుంచి, పోయేది యంత్రాల కింద. అందుకని చుక్కల స్థానంలో పెద్ద పెద్ద ముద్దల్లాంటి ప్రాంతాలు గీశాం. లోపల ఏముందో రాయలేదు. ‘ఊరిని సంప్రదించకుండా అనుమతి ఇవ్వరాదు’ అన్న ఒక్క ముక్క ప్రతిదానికీ జోడించాం. కచ్చితమైన చుక్కలున్న ఫైలు ఊరి కమిటీ దగ్గర ఉంది, సర్వర్‌లో లేదు. సమాధుల చోట్లు మాత్రం ఊరివాళ్లు అసలు రికార్డు చేయొద్దన్నారు, చేయలేదు.

ఫైలు ఎక్కడెక్కడికి వెళ్లింది

ఈ పనంతా జరుగుతుండగానే దిగువన రెండు చోట్ల విరామ భూముల్లో మొక్కల కోసం గుంటలు తవ్వారని కబురొచ్చింది. వెళ్లి చూస్తే నిజమే. ఆ పథకం వాళ్ల దగ్గరున్నది మా ముసాయిదా లేయర్, ఊళ్లలో సరిచూడకముందుది.

ఎలా వెళ్లిందో వెతికితే తెలిసింది చాలా మామూలు విషయం. మ్యాపు డేటా ఉండే షేప్‌ఫైల్ అనేది ఒక ఫైలు కాదు, ఒకే పేరుతో ఉండే నాలుగైదు ఫైళ్ల గుంపు. ఆకారాలు ఒకదాంట్లో, పట్టిక ఒకదాంట్లో ఉంటాయి. ‘ఇది ముసాయిదా, నిర్ణయాలకి వాడొద్దు’ అన్న హెచ్చరిక మెటాడేటా ఫైల్లో, అంటే డేటా గురించిన వివరాలు రాసే ఫైల్లో, ఉంది. ఎవరో పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నప్పుడు తెరవడానికి తప్పనిసరి అయిన ఫైళ్లే తీసుకున్నారు. హెచ్చరిక వెనకే ఉండిపోయింది, నారింజ ముక్కలు ముందుకి వెళ్లాయి. అవతలి ఆఫీసులో దాన్ని తెరిచినవాళ్లకి అది ఖరారైన ప్రభుత్వ లెక్క. అప్పట్నుంచి ముసాయిదా అన్న మాట, తేదీ, ఏ నెల చిత్రం నుంచి వచ్చిందన్న సమాచారం పట్టికలో ప్రతి వరసకీ జోడిస్తున్నాం. ఏ ముక్క విడిగా వెళ్లినా ఆ మాట దానితోనే వెళ్తుంది. మెటాడేటా విడిగా ఉంచడం పద్ధతి ప్రకారం సరైనదే కావచ్చు, ఇలాంటి నేలల విషయంలో మాత్రం చాలదు.

భూగర్భజలాల లేయర్‌తో ఇంకో రకం అన్యాయం జరిగింది. రాతి పగుళ్లు, వాలు, నేల రకం కలిపి ఎక్కడ నీరు పడే అవకాశం ఎక్కువో చూపే మ్యాపు అది. ఊళ్లలో దాన్ని వివరించే సమావేశానికి ముందే ఆ నీలం పట్టీల వెంట బయటివాళ్ల భూమి బేరాలు మొదలయ్యాయి. అమ్మినవాళ్లకి తాము అమ్ముతున్నదేమిటో తెలియదు, కొన్నవాళ్లకి తెలుసు. డేటా అందరికీ తెరిచిపెట్టడం మంచిదని మేమంతా నమ్ముతాం, నేనూ నమ్ముతాను. కానీ చదవగలిగేవాళ్లకి ముందు, ఆ నేలమీద ఉన్నవాళ్లకి తర్వాత చేరితే తెరిచిపెట్టడం వల్లే నష్టం జరుగుతుంది. వరస మార్చాలి: ముందు ఊరికి, ఊరి భాషలో, తర్వాతే వెబ్‌సైట్‌కి.

ఫైలు ఎవరి దగ్గరికి వెళ్తుందో ముందే చెప్పకపోతే ఎంత దూరం పోతుందో మెక్సికోలో చూశాం. ఓహాకా రాష్ట్రపు కొండల్లో జపొటెక్ ఆదివాసీ ఊళ్లతో కలిసి కాన్సస్ విశ్వవిద్యాలయం భూగోళ శాస్త్రవేత్తలు ‘మెక్సికో ఇందిహేనా’ పేరుతో భాగస్వామ్య మ్యాపింగ్ చేశారు. అమెరికా సైన్యపు ఫారిన్ మిలిటరీ స్టడీస్ ఆఫీస్ దానికి డబ్బిచ్చిన సంగతి తమకి చెప్పలేదని 2009లో స్థానిక సంఘం ఒకటి బయటపెట్టింది. దాచలేదని పరిశోధకులు వాదించారు. ఎవరు చెప్పింది ఎంత నిజమైనా, ఊరివాళ్లు చేయి పట్టుకుని చూపించిన సమాచారం ఎవరి సర్వర్‌లో ఉందో వాళ్లకి తర్వాత తెలియడం అన్నది జరగకూడని పని.

2007 నాటి ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటనలో ముందస్తుగా, తెలిసి, స్వేచ్ఛగా ఇచ్చే సమ్మతి గురించి ఉంది. ఆదివాసీల డేటా మీద అధికారం వాళ్లదేనని చెప్పే సూత్రాలు రెండున్నాయి: కెనడా ఆదివాసీలు అంతకుముందే 1998లో తెచ్చిన ఓక్యాప్, 2019లో వచ్చిన కేర్. మా ఒప్పందానికి వాటినే ఆధారం చేసుకున్నాం. లేయర్లలో ఏది ఎవరికి ఇవ్వొచ్చో ఊరి సభ తేలుస్తుంది, ఇచ్చిన ప్రతిసారీ ఎవరికి ఇచ్చారో రిజిస్టరులో రాస్తారు, సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు ఊరికి ఉంటుంది. ఆఖరి షరతు దగ్గర సంతకాలు చాలా కాలం ఆగాయి. ఒకసారి కాపీ బయటికి వెళ్లాక వెనక్కి ఎలా వస్తుందని ఊరివాళ్లు అడిగారు. రాదు, అది నిజం. అందుకే కచ్చితమైన చుక్కల్ని సర్వర్‌లోకే ఎక్కించలేదు.

ఎక్కడిదాకా వచ్చింది

విరామ భూములు చాలావరకు కొత్త రకంలోకి మారాయి. గుంటలు తవ్విన రెండు చోట్లలో ఒకదాన్ని వదిలేశారు, రెండోచోట మొక్కలు నాటేశారు, ఆ కుటుంబాలు ఇప్పుడు వేరే వాలు నరుక్కోవాల్సి వస్తోంది. ఒక చోట అడవి పెంచామని లెక్క రాసి ఇంకో చోట అడవి మీద భారం వేయడం ఇది. గడ్డి మైదానాల్లో నాటడం ఊటల మీది భాగంలో ఆగింది, అంచుల్లో ఆగలేదు. మందల దారులు మ్యాపులో ఉన్నాయి, కానీ వాటికి చట్టంలో ఏ గుర్తింపూ లేదు.

ఇప్పుడు తర్వాతి విడత మొదలవుతోంది. ఈసారి 10 మీటర్ల సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలతో, మెషిన్ లర్నింగ్‌తో (నమూనాలు చూసి కంప్యూటరే నేర్చుకునే పద్ధతితో) వర్గీకరణ చేస్తామంటున్నారు. చిత్రం మెరుగైంది, సంతోషమే. అయితే మోడల్‌కి నేర్పే నమూనాలు ఎక్కణ్నుంచి తేవాలన్నదానికి ప్రతిపాదనలో రెండు దారులు రాశారు. ఒకటి మా పాత ముసాయిదా మ్యాపు. దాంతో నేర్పితే మోడల్ ఆ పాత నారింజనే ఇంకా నున్నగా, ఇంకా నమ్మకంగా గీస్తుంది. రెండోది ఐరోపా అంతరిక్ష సంస్థ వేసిన ప్రపంచ నేలల మ్యాపు వరల్డ్‌కవర్. అందులో 11 రకాల నేల ఉంది. పోడు విరామ భూమి వాటిలో లేదు, పొదలుగానో గడ్డిగానో చెట్లుగానో చెదిరిపోతుంది.

కాబట్టి నమూనాలు ఊళ్లతో కలిసి కొత్తగా తీసుకోవాలి, అందులో పశుపోషకులు ఉన్న నెలలు కూడా కలవాలి, ఏ చోటు నమూనాగా ఇవ్వాలో వద్దో ఊరి సభ చెప్పాలి. బడ్జెట్‌లో చిత్రాలకి, సర్వర్‌కి, సాఫ్ట్‌వేర్‌కి పద్దులున్నాయి. ఊరి సమావేశాలకి, వచ్చినవాళ్ల పనిదినం పోయినందుకు ఇవ్వాల్సిన డబ్బుకి పద్దు లేదు. అది చేర్చమని లెక్కతో సహా రాసి పంపాను. చేర్చేదాకా వర్గీకరణ పనిలో చేయి పెట్టనని కూడా అందులోనే రాశాను.